పాట ఆగే చోటు

పసుపు గొడుగు ఎత్తానంటే నా వెనక నలభై మంది.
వాన కోసం కాదు గొడుగు, ఎవరూ తప్పిపోకుండా.
రోజుకు మూడుసార్లు క్రాకోవ్‌ని
చీరలా విప్పి చూపించి
సాయంత్రానికి మళ్ళీ మడతపెడతాను.

కొండ మీద కోటలో ముందు గంట.
దాని నాలుకను ఎడమ చేత్తో తాకితే అదృష్టమట.
తాకీ తాకీ నున్నబడిన ఆ ఇనుము
ఎన్ని కోరికలు విన్నదో,
పేరుకే నాలుక, ఒక్కటీ బయటపెట్టదు.

కొండ కింద, నది ఒడ్డున, కంచు డ్రాగన్
ఉండుండి నిప్పు కక్కుతుంది.
ఫోన్లు జేబులోంచి తీసేలోపు మంట ఆరిపోతుంది.
మళ్ళీ ఎప్పుడంటారు.
దానికీ గ్యాస్ అందాలి కదండీ, అంటాను.

బట్టల బజారు నడవలో వేలాడే కత్తి.
గోపురం ఎత్తు దగ్గర పంతం వచ్చి
అన్న తమ్ముణ్ణి పొడిచాడట.
అందుకే చర్చికి ఒక భుజం పొడుగు, ఒకటి పొట్టి.
అందరూ తలలు పక్కకి వంచి చూస్తారు,
వంచితే సమానమవుతాయని ఎవరు చెప్పారో!

గంట కొట్టే వేళకి చౌకులో నిలబెట్టి
ఇక పైకి చూడండి, అంటాను.
పొడుగు గోపురంలో కిటికీ తెరుచుకుంటుంది,
ఎండకి మెరిసే బాకా మూతి.
ఊదేవాడు ఫైర్ స్టేషన్ ఉద్యోగి,
యూనిఫాం, జీతం, నడుం నొప్పి ఉన్న మనిషి.
నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు ఊదుతాడు.
నాలుగుసార్లూ పాట
మెట్టు లేని చోట కాలు వేసినట్టు
మధ్యలో ఆగిపోతుంది.

"బాణం," అంటాను గొంతు తగ్గించి.
"శత్రువు వస్తున్నాడని ఊదుతుంటే గొంతులో దిగిందట.
మిగతాది ఎవరికీ తెలియదు."
వారానికి పద్దెనిమిదిసార్లు ఈ మాటకి జనం నిట్టూరుస్తారు.
ఆ నిట్టూర్పుల మీదే నా ఇంటి అద్దె.

ఒకసారి గ్దాన్స్క్ నుంచి వచ్చిన బడిపిల్ల అడిగింది:
"రోజూ అక్కడికే బాణం వస్తుందని తెలిసి
పక్కకి తప్పుకోడేం?"
ఆ పూట నాకు టిప్పులు రాలేదు.

గోపురం నీడలో నీలం బండి, బొగుమీవాది.
రింగు రొట్టెలు: గసగసాలవి, నువ్వులవి, ఉప్పువి.
బాకా మోగినంతసేపు ఆమె తల ఎత్తదు,
చిల్లర ఇవ్వదు.
చాచిన చెయ్యి చాచినట్టే ఉండాలి.

నవంబరులో ఒక మధ్యాహ్నం జోరున వాన. గుంపు రాలేదు.
బండి రేకు కింద ఒదిగి నిలబడ్డాను.
ఉప్పు రొట్టె చేతిలో పెట్టి, అడక్కుండానే అంది:

"మా లూదోమీర్ ఇరవయ్యారేళ్ళు ఊదాడు ఆ పైన.
ఆదివారాలు గడ్డం గీసుకుంటూ అదే పాట ఈల వేసేవాడు,
అక్కడే ఆపేవాడు.
ఒకరోజు ఆగలేదు.
బాణం దాటి ముందుకు వెళ్ళిపోయాడు.
నా చేతిలో బంగాళదుంప, సగం చెక్కు తీసింది.
ఆపవయ్యా, అని అరిచాను.
ఎందుకరిచానో.
అద్దంలోంచి చూశాడు, బుగ్గల నిండా నురగ.
మళ్ళీ ఎప్పుడూ ఈల వెయ్యలేదు."

"ఎలా ఉండింది, ఆ మిగతాది?"

రేకు మీద వాన.
రొట్టెల మీది ప్లాస్టిక్ కప్పు సరిచేసింది.
"ఉప్పు సరిపోయిందా?" అంది.

ఇప్పటికీ గొడుగు ఎత్తుతూనే ఉన్నాను.
గంట, డ్రాగన్, కత్తి, ఏదీ వదలను.
బాణం దగ్గర మాత్రం
"మిగతాది ఎవరికీ" అంటానా,
ఆ చివరి మాట నోటికి రాదు.
వీళ్ళు దాన్ని కూడా కథలో భాగమనుకుని
ఇంకాస్త గట్టిగా నిట్టూరుస్తారు.

పైన అతను చెయ్యి ఊపుతాడు, కింద నలభై చేతులు.
కిటికీ మూసుకుంటుంది.
నీలం బండి దగ్గర ఆగిన చిల్లర
ఎవరి అరచేతిలోనో
గలగలమంటుంది.